నాలుగున్నరేళ్ల బాబు, నిశ్శబ్దంగా ఉంటే బాగానే వింటాడు, చుట్టూ గోల ఉంటే "ఆ? ఏంటి?" అంటాడు. చెవి సమస్యా, శ్రద్ధ సమస్యా?

నిద్రచాలనిఅమ్మ:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి, పొడుగైతే ఏమనుకోకండి. మా బాబుకి నాలుగున్నరేళ్లు. మాటలు టైమ్‌కే వచ్చాయి, ఏడాది నిండకుండానే అత్త, తాత అన్నాడు, రెండేళ్లకి రెండేసి మాటలు కలిపాడు, ఇప్పుడు ఒట్టి వాగుడుకాయ. పుట్టినప్పుడు చెవి టెస్ట్ చేసి పాస్ అన్నారు. కానీ ఒక ఆరు నెలల్నుంచీ మాట మాటకీ "ఆ? ఏంటి?" అంటున్నాడు. గదిలో మేమిద్దరమే ఎదురెదురుగా కూర్చుంటే కథంతా విని తిరిగి చెప్తాడు, మధ్యలో నేనొక లైన్ మింగేస్తే పట్టుకుంటాడు కూడా. అదే టీవీ మోగుతున్నా, మిక్సీ తిరుగుతున్నా, నలుగురు కలిసి మాట్లాడుతున్నా వాడు వేరే లోకంలో ఉంటాడు.

మొన్న వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే పక్కగదిలోంచి "నాన్నా, దువ్వెన తీసుకురా" అని అరిచా. వాడు చక్కగా మంచం మీది దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చాడు, సగం నేల మీద ఊడుస్తూ. అప్పటికి నవ్వేశా గానీ రాత్రి పడుకున్నాక నవ్వాల్సిన విషయమేనా అనిపించింది. వాళ్ల నాన్నేమో "చాక్లెట్ కవరు చప్పుడు పక్కగదిలోంచి వినపడుతుంది, నీ మాటే వినపడదు వాడికి" అంటారు. స్కూల్లో టీచరు శ్రద్ధ లేదు, పక్కపిల్లల్ని చూసి చేస్తాడు అంటోంది.

ఇంకోటి, రైలుని ఇప్పటికీ "లైలు" అంటాడు. అంటే వాడికి ర, ల తేడా వినపడట్లేదా? ఇంట్లో రెండు భాషలు మాట్లాడతాం, అందువల్ల గజిబిజి అవుతున్నాడా? ఒక ఫ్రెండ్ వినికిడి పెంచే యాప్ ఏదో ఉంది పెట్టమంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక రాస్తున్నా.

లైట్‌తీస్కో:

అక్కా మా పెద్దోడు గిట్లనే ఉండె, పిలిస్తే పలికేటోడే కాదు, ఇప్పుడు ఎనిమిదేండ్లు, మంచిగనే ఉన్నడు. పోరగాళ్లకు వాళ్లకు కావాల్సిందే ఇనపడ్తది. ఊకె టెన్షన్ పడకు.

ఆడియోగ్రామ్:

పైన తమ్ముడు చెప్పినట్టు చాలామందికి సర్దుకుంటుంది, నిజమే, కానీ సర్దుకునే పిల్లాడెవరో సర్దుకోని పిల్లాడెవరో బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటారు, అదే చిక్కు. నేను పిల్లల ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షలు చేసే పని. ఫోరంలో రోగనిర్ధారణ చెయ్యను గానీ మీ పోస్ట్‌లో నాకు కనపడ్డవి చెప్తా.

ముందుగా ఆ "పాస్" సంగతి. పుట్టినప్పుడు ఎక్కువగా చేసేది ఓఏఈ అనే టెస్ట్, చెవిలోకి చిన్న శబ్దం పంపితే లోపలి చెవిలో ఉండే కణాలు సన్నగా ప్రతిధ్వనిస్తాయి, దాన్ని మైకు పట్టుకుంటుంది. అది ఆ రోజు సంగతి చెప్తుంది, అంతే. తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరినా, ఏదైనా జబ్బు వల్ల వినికిడి తగ్గినా ఆ పాస్ ఇప్పుడు లెక్కలోకి రాదు. నాలుగున్నరేళ్ల పిల్లాడికి నాలుగేళ్ల కిందటి రిపోర్టు చూపించి చెవులు బాగున్నాయి అనడం, అప్పుడు కొన్న చొక్కా ఇప్పుడూ సరిపోతుంది అన్నట్టు ఉంటుంది.

ఇక దువ్వెన, దుప్పటి. నాకు చాలా నచ్చింది ఆ ఉదాహరణ, ఎందుకంటే వాడు ఏం విన్నాడో అందులోనే ఉంది. మాటలో అచ్చులు గట్టిగా ఉంటాయి, హల్లులు చాలావాటికి బలం తక్కువ, క్షణంలో పోతాయి. మెషీన్ రొద ముందు మింగేది ఆ హల్లుల్నే. వాడికి "దు" దొరికింది, తర్వాత పెదాల దగ్గర పుట్టే ఒత్తు శబ్దం ఏదో దొరికింది, అది వ్వ నా ప్ప నా తేలలేదు, చివర ఏముందో పోయింది. మీరు పక్కగదిలో ఉన్నారు కాబట్టి మీ నోరు కనపడలేదు. కనపడుంటే ప్ప అనడానికి పెదాలు పూర్తిగా మూసుకుంటాయి, వ్వ కి అలా మూసుకోవు, సగం పని కళ్లే చేసిపెట్టేవి. మాట వినడంలో కళ్ల వాటా ఎంతో 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపించారు, చెవికి "బ" వినిపిస్తూ కంటికి "గ" అనే నోరు చూపిస్తే చాలామందికి "ద" వినపడుతుంది.

అదే మీరో నేనో అయితే ఆ ఖాళీని సందర్భంతో పూరించేస్తాం, స్నానం అయింది, తల తడిగా ఉంది, కాబట్టి దువ్వెనే అయ్యుంటుంది అని. పిల్లాడి దగ్గర మాటల నిల్వా తక్కువే, ఇలాంటి అంచనాల అనుభవమూ తక్కువే. కాబట్టి ఆ వయసులో గోలలో వినడం పెద్దవాళ్లకంటే కష్టమే, అందులో రోగం ఏమీ లేదు. పసిపిల్లల మీద ఒక ప్రయోగం ఉంది, వెనక వేరే గొంతు మాట్లాడుతుండగా తమ పేరు గుర్తుపడతారా అని. 5 నెలల పిల్లలకి పేరు పలికే గొంతు వెనక గొంతుకంటే 10 డెసిబెల్స్ ఎక్కువ ఉంటేనే పట్టుబడింది, 5 ఎక్కువ ఉంటే చాలలేదు. 13 నెలలకి ఆ 5 సరిపోయింది. అలా కొంచెం కొంచెంగా మెరుగవుతూ టీనేజ్ దాకా నడుస్తుంది ఆ పని.

కానీ మీ విషయంలో నన్ను ఆపేది "ఆరు నెలల్నుంచీ" అన్న మాట. వయసు వల్ల వచ్చే ఇబ్బంది నెలనెలా తగ్గాలి, కొత్తగా మొదలవకూడదు. కాబట్టి చెవి చూపించండి, శ్రద్ధ సంగతి తర్వాత. రెండు టెస్ట్‌లు అడగండి. ప్యూర్‌టోన్ ఆడియోమెట్రీ, ఈ వయసులో ఆటలా చేస్తాం, శబ్దం వినపడినప్పుడల్లా డబ్బాలో ఒక బిళ్ల వెయ్యాలి, ఒక్కో చెవికీ విడిగా. రెండోది టింపనోమెట్రీ, చెవిలో గాలి ఒత్తిడి కొంచెం మార్చి కర్ణభేరి ఎంత కదులుతుందో చూసేది, నొప్పుండదు, నిమిషం పట్టదు. విడిగా అని ఎందుకంటున్నానంటే ఒక్క చెవి మందగించినా ఎదురుగా కూర్చుని చెప్తే ఏ తేడా తెలీదు. పిలిస్తే తప్పుడు దిక్కుకి తల తిప్పుతున్నాడా గమనించండి. రెండు చెవులకీ శబ్దం చేరే టైమ్‌లో, గట్టిదనంలో ఉండే తేడాతోనే మెదడు దిక్కు కనిపెడుతుంది, ఒకటి తగ్గితే ముందు దెబ్బతినేది అదే.

చాక్లెట్ కవరు గురించి మీవారికి చెప్పండి, ఆ చప్పుడు వినపడటమూ గోలలో మాట విడదీసుకోవడమూ రెండు వేరు పనులు. ఇంట్లో వెనకనుంచి గుసగుసలాడి మీరే పరీక్షించొద్దు, మీ నీడ చూసి కూడా తిరిగేస్తారు పిల్లలు.

గ్రోమెట్‌నాన్న:

మేడమ్ మీ పోస్ట్ చదువుతుంటే మా అమ్మాయి కథ చదివినట్టే ఉంది. మాకు ఎనిమిది నెలలు పోయాయి, అందులో సగం నేను అరవడంలోనే పోయాయి, అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు దానికి ఐదేళ్లు. సోమవారం పిలిస్తే పలికేది, గురువారం పలికేది కాదు, దాంతో ఇది కావాలనే చేస్తోంది అని నేను ఫిక్స్ అయిపోయా. మొదట వెళ్లిన డాక్టరు టార్చి వేసి చూసి చెవిలో గులిమి ఉంది అని చుక్కలు రాసిచ్చి పంపేశారు. రెండోచోట టింపనోమెట్రీ చేస్తే కాగితం మీద కొండలా లేవాల్సిన గీత బల్లపరుపుగా వచ్చింది, రెండు చెవులకీ. కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు, గ్లూ ఇయర్ అంటారట. నొప్పి లేదు, జ్వరం లేదు, చీము లేదు, ఇంకెలా తెలుస్తుంది మనకి.

అర్థమైనంతలో చెప్తా. ముక్కు వెనకనుంచి చెవికి ఒక గొట్టం ఉంటుంది, దాన్లోంచే లోపలికి గాలి ఆడుతుంది. పిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా, పెద్దవాళ్లంత ఏటవాలుగా కాకుండా దాదాపు అడ్డంగా ఉంటుంది, జలుబు చేసినా ముక్కు వెనక ఉండే అడెనాయిడ్స్ అనే కండలు వాచినా మూసుకుపోయి లోపల నీరు నిలుస్తుంది. జలుబుని బట్టి ఎక్కువా తక్కువా అవుతుంటుంది. మా అమ్మాయి సోమవారం, గురువారం రహస్యం అదీ. వినికిడి పూర్తిగా పోదు, చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఉన్నట్టు. మీరూ ఒకసారి అలా వేళ్లు పెట్టుకుని అరగంట ఇంట్లో తిరిగి చూడండి, నేను చేశా. ఎదురుగా ఉన్నవాళ్ల మాట అందుతుంది, పక్కగదిలోంచి వచ్చేది మాత్రం ఒట్టి రాగంలా వస్తుంది, మాటలు ఉండవు.

మూడు నెలలు ఆగి చూద్దాం, చాలామందికి దానంతటదే పోతుంది అన్నారు. ఎడమది పోయింది, కుడిది పోలేదు, దానికి గ్రోమెట్ వేశారు, కర్ణభేరిలో చిన్న గొట్టం. ఇంటికొస్తూ కారులో కూర్చుని "నాన్నా, ఆ టిక్కు టిక్కు ఏంటి" అంది. ఇండికేటర్. ఆ కారు ఎక్కడం దానికి వందోసారి అయ్యుంటుంది.

మీవాడు గురక పెడతాడా? నోరు తెరిచి పడుకుంటాడా? అడెనాయిడ్స్ వాచినా అలా ఉంటుంది, అందుకని అడుగుతున్నా.

నిద్రచాలనిఅమ్మ:

గ్రోమెట్‌నాన్న గారూ మీ పోస్ట్ చదివి కాసేపు ఏం రాయాలో తెలీలేదు. అవునండి, గురక పెడతాడు, నోరు తెరిచే పడుకుంటాడు, మా మామగారి పోలిక అని నవ్వుకునేవాళ్లం. టీవీ సౌండు కూడా వాడు పెట్టుకుంటే మేం పెట్టేదానికి రెట్టింపు. ఈ రెండూ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటా. తప్పుడు దిక్కు సంగతి ఇందాకే చూశా, బాల్కనీలోంచి పిలిస్తే హాల్లోకి పరిగెత్తాడు.

లైలు సంగతి, రెండు భాషల సంగతి ఎవరైనా చెప్తారా?

పాతపాట:

నేను చెబుతా, ఇది నా సబ్జెక్టు, మొదలుపెడితే ఆపలేను ముందే చెప్తున్నా.

లైలు గురించి కంగారొద్దు. ఒక పని చెయ్యండి, మీరే కావాలని "అదిగో లైలు వచ్చింది" అనండి. చాలామంది పిల్లలు కోపంగా చూసి "లైలు కాదు, లైలు!" అని దిద్దుతారు. అంటే మీరు చేసిన తప్పు వాడి చెవికి వినపడింది, తను చేసే తప్పు మాత్రం నాలుకకి ఇంకా లొంగలేదు. 1960లో బెర్కో, బ్రౌన్ ఇదే రాశారు, ఒక పిల్లాడు చేపని ఇంగ్లీషులో "ఫిష్" అనలేక "ఫిస్" అనేవాడు, పెద్దవాళ్లూ ఫిస్ అంటే ఒప్పుకునేవాడు కాదు, ఫిష్ అంటేనే అవును అదే అనేవాడు. వినడం ముందు నడుస్తుంది, పలకడం వెనక వస్తుంది. ర అనేది నాలుక కొసని అదిరించే శబ్దం, ఆలస్యంగా కుదిరేవాటిలో ఒకటి. అయితే మీవాడు మీ లైలుకి ఏమీ అనకుండా తలూపేస్తే దాన్నిబట్టి ఏదీ తేల్చేయకండి, ముందు ఆ నీటి సంగతి తేలనివ్వండి.

ఇక వినడం ఎంత ముందు మొదలవుతుందంటే కడుపులోనే. దాదాపు ఆరో నెల చివరికి లోపలి చెవి పని మొదలుపెడుతుంది, అక్కడినుంచి అమ్మ గొంతులోని లయ, ఎత్తుపల్లాలు అందుతుంటాయి, హల్లులు అంత బాగా అందవు. పుట్టిన రెండు మూడు రోజుల్లోనే పరాయి ఆడగొంతుకంటే అమ్మ గొంతు వినడం కోసం పిల్లలు పాలపీక చీకే తీరు మార్చుకుంటారని 1980లో తేలింది. 1971లో ఐమాస్ బృందం ఇదే చీకే పద్ధతితో నెల, నాలుగు నెలల పిల్లలకి బ, ప తేడా తెలుస్తుందని చూపించింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మన అక్షరాలకి దగ్గరగా ఉన్నది. 1984లో వెర్కర్, టీస్ అని ఇద్దరు, ఇంగ్లీషు ఇళ్లల్లో పెరిగే పిల్లలకి హిందీలోని ట, త శబ్దాలు వినిపించారు. మనకి పాట వేరు పాత వేరు, ఇందులో వినడానికి ఏముంది అనిపిస్తుంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి ఆ రెండూ ఒకటే. కానీ 6 నుంచి 8 నెలల ఇంగ్లీషు పిల్లలకి తేడా తెలిసింది! 10 నుంచి 12 నెలలకి వచ్చేసరికి అది దాదాపు పోయింది. హిందీ ఇళ్ల పిల్లలకి పోలేదు. అంటే మొదటి ఏడాదిలో చెవి ఏదో కూడబెట్టుకుంటుంది అనుకుంటాం గానీ అక్కర్లేనిదాన్ని వదిలించుకోవడం కూడా అందులో సగం పని. నా పీహెచ్‌డీ గైడ్ ఇంగ్లీషాయన, ముప్ఫై ఏళ్లు ఇదే సబ్జెక్టు చెప్పారు, నేను పాట పాత అంటే ఇప్పటికీ నా నోటివంక చూస్తారు.

ఇంకో వింత, మాటలో ఖాళీలు ఉండవు. కాగితం మీద పదానికీ పదానికీ మధ్య జాగా వదుల్తాం, నోటితో వదలం. "అమ్మొచ్చేసిందిరాలే" అంటే ఎక్కడ విరగ్గొట్టాలో పసివాడికి ఎవరు చెప్పారు? 1996లో సాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ 8 నెలల పిల్లలకి అర్థం లేని అక్షరాల్ని గ్యాప్ లేకుండా రెండు నిమిషాలు వినిపిస్తే, ఏ అక్షరం తర్వాత ఏది ఖాయంగా వస్తోందో లెక్కగట్టి ఆ పిల్లలు మాటల హద్దులు పట్టేశారు. రెండు నిమిషాలే. తర్వాత పెరిగేది స్పీడు. 1998లో ఫెర్నాల్డ్ బృందం పిల్లల చూపుని గమనించింది, 15 నెలల పిల్లలు వస్తువు పేరు మొత్తం పూర్తయ్యాకగానీ దాని బొమ్మవైపు చూడలేదు, రెండేళ్లవాళ్లు పేరు సగంలో ఉండగానే చూపు తిప్పేశారు. మీవాడు దు వినగానే దుప్పటికి పరిగెత్తడంలో ఆ తెలివి కూడా ఉంది, చెవికి అందింది తక్కువైంది గానీ.

రెండు భాషలు గజిబిజి చెయ్యవు. ఒక్క భాషలో లెక్కపెడితే మాటలు తక్కువ కనపడొచ్చు, రెండూ కలిపి లెక్కపెట్టాలి. నిజంగా వినికిడి లోపం ఉంటే రెండు భాషల్లోనూ కనపడుతుంది. భాష ఆపేయమని ఎవరన్నా సలహా ఇస్తే వినకండి.

సగంజ్ఞాని:

ఇవన్నీ సరే, ఇది ఏపీడీ, అంటే ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్, అయ్యుండొచ్చు కదా? చెవి బాగానే ఉంటుంది, మెదడు ప్రాసెస్ చెయ్యలేదు. మా కజిన్ కొడుక్కి అదే అన్నారు. యాప్‌తో రోజూ అరగంట ట్రైనింగ్ ఇస్తున్నారు, స్కోర్ బాగా పెరిగింది.

ఆడియోగ్రామ్:

బ్రదర్, ఏపీడీ టెస్ట్‌లు సాధారణంగా ఏడేళ్ల లోపు చెయ్యం. రెండు చెవుల్లో ఒకేసారి వేర్వేరు మాటలు వినిపించి రెండూ చెప్పమంటాం, గోలలో మాటలు చెప్పమంటాం, నాలుగున్నరేళ్ల పిల్లాడు సగంలో కుర్చీ దిగిపోతాడు, వచ్చిన నంబరు వాడి చెవిదో ఓపికదో తెలీదు. పైగా ఏపీడీ అనేది విడిగా ఒక జబ్బా, లేక భాష, జ్ఞాపకం, శ్రద్ధ ఇబ్బందుల కలగూరా అని మాలో మాకే ఇప్పటికీ గొడవ. ముందు చెవి సంగతి తేల్చకుండా ఆ పేరు వాడకూడదు, ఇక్కడ మాత్రం గొడవ లేదు.

స్కోర్ పెరిగింది అంటే ఆ ఆటలో స్కోర్ పెరిగింది. ఇలాంటి ప్రోగ్రాముల్లో బాగా పేరున్న ఫాస్ట్ ఫర్‌వర్డ్ మీద జరిగిన మంచి అధ్యయనాలన్నీ కలిపి 2011లో విశ్లేషిస్తే, పిల్లల భాషకీ చదువుకీ ఉపయోగపడిందనడానికి ఆధారం దొరకలేదు. మీ కజిన్‌ని అడగండి, ఇంట్లో పిలిస్తే పలుకుతున్నాడా అని. అదే అసలు స్కోరు.

సగంజ్ఞాని:

అడిగా. "అది వేరే విషయం" అంది 😅

పాతపాట:

యాప్ గురించి ఒక మాట. 2003లో కుల్ బృందం 9 నెలల అమెరికన్ పిల్లలకి 12 సార్లు చైనా మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడిన పిల్లలు ఆ భాష శబ్దాల తేడా పట్టుకున్నారు, అవే మాటలు అదే మనిషి టీవీలో చెప్తే విన్నవాళ్లకి ఏమీ అంటలేదు. పసివాళ్ల సంగతిలెండి ఇది, నాలుగేళ్లవాడికి అచ్చంగా వర్తించదు, అయినా గుర్తొచ్చింది.

సుద్దముక్కటీచర్:

టీచర్ల మీద కోపం తెచ్చుకోకండి, నలభైమంది ఉన్న గదిలో ఎవరికి వినపడట్లేదో ఎవరు వినట్లేదో మాకూ తెలీదు. కానీ "పక్కపిల్లల్ని చూసి చేస్తాడు" అని ఆవిడ అన్న మాటే మీకు పెద్ద క్లూ. వినని పిల్లాడు చెప్పింది చెయ్యడు, హాయిగా కిటికీలోంచి చూస్తుంటాడు. వినపడని తెలివైన పిల్లాడు అరక్షణం ఆగి, పక్కవాడు పుస్తకం తీస్తే తనూ తీస్తాడు. ఆ అరక్షణం చూడటం నేర్చుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

టీచరు గొంతు క్లాసు గోలకంటే 15 డెసిబెల్స్ పైన పిల్లాడి చెవికి చేరాలని చెప్తారు, ఫ్యాన్లు, బెంచీల చప్పుడు, బోసి గోడల ప్రతిధ్వని మధ్య చివరి బెంచీ దగ్గర అది కలలో మాట. అందుకే టెస్ట్ రిజల్ట్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ముందు బెంచీ అడగండి, కిటికీకీ ఫ్యాన్‌కీ దూరంగా. ఇంట్లో కూడా పక్కగదిలోంచి అరవడం మానేసి దగ్గరికెళ్లి, పేరు పిలిచి, తిరిగాక చెప్పండి. అర్థం కాకపోతే అదే వాక్యం ఇంకా గట్టిగా అరవొద్దు, మాట మార్చి చెప్పండి, "తల దువ్వుకునేది తీసుకురా" అంటే దుప్పటి రాదు.

నిద్రచాలనిఅమ్మ:

అప్‌డేట్. ఇవాళ వెళ్లొచ్చాం. బిళ్లల ఆట వాడికి తెగ నచ్చింది, ఇంకోసారి ఆడతా అని ఏడ్చాడు. కుడిచెవి గీత పూర్తిగా చదును, ఎడమది కొంచెం లేచింది. కుడివైపు శబ్దం 35 డెసిబెల్స్ దాకా పెంచితేగానీ వినపడట్లేదట, ఎడమవైపు 20 దగ్గరే వింటున్నాడట. లోపలి చెవి బాగానే ఉంది, నీరే అన్నారు. అడెనాయిడ్స్ కూడా పెద్దగా ఉన్నాయట. ఇప్పుడేం చెయ్యొద్దు, మూడు నెలలాగి మళ్లీ రమ్మన్నారు, అప్పటికీ ఇలాగే ఉంటే ఆలోచిద్దాం అన్నారు. వాళ్ల నాన్న తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు, ఇంటికి రాగానే టీవీ కట్టేసి వాడి ఎడమపక్కన కూర్చున్నారు.

లైలు టెస్ట్ కూడా చేశానండి పాతపాట గారూ, ఎదురుగా కూర్చుని. "అమ్మకి మాటలు రావు" అని వాళ్ల నాన్నతో చెప్పాడు.

మూడు నెలల్లో ఇంకేమైనా చూసుకోవాలా?

ఆడియోగ్రామ్:

చెవినొప్పి, చీము వస్తే మూడు నెలలాగకుండా వెంటనే వెళ్లండి. ఎవరేం చెప్పినా చెవిలో నూనె, చుక్కలు సొంతంగా వెయ్యొద్దు. స్కూల్లో ఎడమచెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టమనండి. ఇవాళ్టి గ్రాఫులు రెండూ కాపీ తీసుకున్నారా? లేకపోతే రేపే అడిగి తెచ్చుకోండి, వచ్చేసారి వేరే మెషీన్ మీద చేసినా పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

నిద్రచాలనిఅమ్మ:

తీసుకోలేదు. పొద్దున్నే వెళ్తా.